దర్జీ కొడుకు, ఎర్ర కోటు: రౌతుగా చేరిన విలియం రాబర్ట్‌సన్ కథ

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం మీకు ఒక ఇంగ్లండ్ పల్లెటూరి దర్జీ కొడుకు గురించి చెప్పాలని వచ్చాను. పేరు విలియం రాబర్ట్‌సన్. 1860 జనవరి 29న లింకన్‌షైర్‌లోని వెల్‌బర్న్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి బట్టలు కుట్టేవాడు, ఊరి పోస్టాఫీసు కూడా ఆయనే చూసేవాడు. ఈ కుర్రాడు 1877లో బ్రిటిష్ గుర్రపు దళంలో మామూలు రౌతుగా చేరి, 1920లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. ఆ సైన్యంలో అట్టడుగు మెట్టు మీద మొదలుపెట్టి చిట్టచివరి మెట్టు దాకా ఎక్కినవాడు ఆయనొక్కడే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన పాత్ర గురించి చాలామంది రాశారు. నాకు అంతకు ముందరి 23 ఏళ్ళే ముఖ్యం. 1877 నుంచి 1900 దాకా ఒక పేదవాడు అధికారి కోటు వేసుకోవాలంటే ఏది అడ్డొచ్చేదో, దాన్ని ఈయన ఎలా దాటాడో ఆ ఏళ్ళలో కనిపిస్తుంది. దాటడానికి అయిన ఖర్చు ఎవరి ఖజానాలోంచి వెళ్ళిందన్నది ఆయన మీద రాసే వ్యాసాల్లో పెద్దగా కనిపించదు. నా మాటంతా అక్కడికే వస్తుంది.

ముందు ఒక పాత లెక్క చెప్పనివ్వండి. 1871 నవంబర్ దాకా బ్రిటిష్ గుర్రపు దళంలో అధికారి పదవులను కొనుక్కునేవాళ్ళు. ఇది లంచం కాదు, ప్రభుత్వమే కట్టిన ధర. అన్నిటికంటే చిన్నదైన కార్నెట్ పదవి 840 పౌండ్లు. రెజిమెంట్‌ను నడిపే లెఫ్టినెంట్ కల్నల్ పదవి 6,175 పౌండ్లు. కాగితం మీద ఇంతే, లోపాయికారీగా ఇంకా ఎన్నో రెట్లు చేతులు మారేది. మామూలు రౌతు జీతం రోజుకు ఒక షిల్లింగు రెండు పెన్నీలు, అంటే ఏడాదికి 21 పౌండ్ల చిల్లర. తిండీ బట్టా మానేసి పైసా పైసా దాచినా కార్నెట్ పదవి కొనడానికి దాదాపు 40 ఏళ్ళు పడుతుంది.

ఈ పద్ధతిని బాగా వాడుకున్న వాళ్ళలో కార్డిగన్ ప్రభువు ఒకడు. 1854లో బాలక్లావా దగ్గర రష్యన్ ఫిరంగుల మీదికి లైట్ బ్రిగేడ్ అనే గుర్రపు దళాన్ని తీసుకెళ్ళినవాడు ఆయనే. డబ్బు కుమ్మరించి రెజిమెంట్ సంపాదించిన మనిషి. 1868లో పోయాడు. డీన్ పార్క్ అనే ఆయన మహల్లో ఆయన భార్య ఉండిపోయింది. 1875 తర్వాత అక్కడ గొప్పింటి బంట్రోతుగా పనిచేసిన కుర్రాళ్ళలో మన దర్జీ కొడుకు ఒకడు. తలుపులు తీయడం, పళ్ళేలు అందించడం ఆ పని. తర్వాత రాసుకున్న ఆత్మకథలో ఈ రెండేళ్ళ గురించి రాబర్ట్‌సన్ ఒక్క ముక్క రాయలేదు. చాలా ఏళ్ళకు తన దగ్గర పనిచేసే ఒక అధికారితో మాత్రం, బంట్రోతుగా నేను బొత్తిగా పనికిరాలేదని అన్నాడట.

1877 నవంబర్ 13న వుస్టర్ పట్టణంలో సైన్యానికి మనుషుల్ని చేర్చే సార్జెంట్ ఒకడు ఈ కుర్రాడి చేతిలో ఒక షిల్లింగు పెట్టాడు. రాణిగారి షిల్లింగు పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టే. చేరడానికి 18 నిండాలి. కుర్రాడికి మూడు నెలలు తక్కువ. మనిషి పొడుగ్గా ఉన్నాడు కదా, దానిదేముందని సార్జెంట్ 18 ఏళ్ళ 2 నెలలని రాసేశాడు. ఒప్పందం 12 ఏళ్ళకు. రెజిమెంట్ 16వ లాన్సర్స్, బల్లెం పట్టే గుర్రపు దళం. 1846లో పంజాబ్‌లో, అలీవాల్ దగ్గర సిక్కు సేన మీద దాడి చేసి పేరు తెచ్చుకున్న రెజిమెంట్ అది.

ఇంటికి కబురు చేరింది. తల్లి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. ఇంట్లోవాళ్ళందరి ఆశా నువ్వే అంది. సైన్యం సోమరిపోతులందరికీ ఆశ్రయం అంది. ఈ సంగతి ఎవరికీ చెప్పను, తలుచుకుంటేనే సిగ్గుగా ఉందంది. ఆఖరున ఇంకో మాట అంది: "ఎర్ర కోటులో నిన్ను చూడడం కంటే నిన్ను పాతిపెట్టుకోవడం నయం." మిగతా లాన్సర్ రెజిమెంట్లన్నీ నీలం కోట్లు వేసుకునేవి. ఒక్క 16వ లాన్సర్సే ఎర్ర కోటు వదులుకోలేదు. ఆ తల్లి భయపడింది అచ్చంగా ఆ రంగు బట్టకే. ఆ ఉత్తరం చదివినప్పుడల్లా నాకు కోపం రాదు, ఆవిడ మీద జాలి వేస్తుంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో పరువుగల పేదింటికి కొడుకు సిపాయి కావడం అంటే అంత తలవంపు. తాగుబోతు, అప్పులవాడు, పోలీసుల నుంచి పారిపోయినవాడు చేరే చోటని లోకం అనుకునేది.

బ్యారక్ లోపలికి వెళ్తే లోకం అనుకున్నది మరీ అబద్ధమేమీ కాదు. ఆల్డర్‌షాట్‌లో రాబర్ట్‌సన్ చేరేనాటికి పాత పద్ధతిలో ఏళ్ళ తరబడి పనిచేసిన ముదురు సిపాయిలు చాలామంది ఉన్నారు. కొత్తవాళ్ళ చేత సారాకు డబ్బులు పెట్టించేవాళ్ళు, మాట వినకపోతే చెయ్యి చేసుకునేవాళ్ళు. గడ్డి కుక్కిన పరుపు. ప్రభుత్వం ఇచ్చే రేషన్ రోజుకు ఒక పౌను (అర కిలోకు కాస్త తక్కువ) రొట్టె, ముప్పావు పౌను మాంసం. మాంసం అంటే ఎముకతో కలిపి. టీ, పాలు, కూరగాయలు జీతంలోంచి కొనుక్కోవాలి. చిరిగిన బట్ట, పోయిన సామాను కూడా అందులోంచే.

గుర్రపు దళంలో గుర్రం తర్వాతే మనిషి. పొద్దున్నే లాయం. పేడ ఎత్తాలి, మాలీసు చేయాలి, నీళ్ళు పెట్టాలి, దాణా వేయాలి. ఆ తర్వాతే మనిషికి టిఫిను. మధ్యాహ్నం మళ్ళీ లాయం, సాయంత్రం మళ్ళీ లాయం. మధ్యలో స్వారీ నేర్పించే స్కూలు. జీను మీద కూర్చోవడం వచ్చాకే బల్లెం, కత్తి, తుపాకీ. ఆ తర్వాత జీను తోలుకు, ఇత్తడి బొత్తాలకు, బూట్లకు మెరుగు పెట్టే పని ఉంటుంది. వాన పడితే అదంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఇంత చాకిరీ తర్వాత సాయంత్రం ఎవడైనా క్యాంటీన్‌కే పోతాడు. ఈ కుర్రాడు మాత్రం యుద్ధ చరిత్ర పుస్తకాలు ముందేసుకున్నాడు. అలాగని పుస్తకాల పురుగు కాదు. పరుగులో మంచి పేరుంది. కత్తి, బల్లెం, తుపాకీ మూడింటిలోనూ బహుమతులు గెలిచాడు. బ్యారక్‌లో గౌరవం దక్కాలంటే అవి కావాలి.

1879 ఫిబ్రవరిలో సిపాయికి పై మెట్టైన లాన్స్ కార్పొరల్, రెండు నెలలకే కార్పొరల్. ఇక్కడో దెబ్బ తగిలింది. ఆయన కాపలాలో ఉన్న ఖైదీ ఒకడు తప్పించుకున్నాడు. మూడు వారాలు జైల్లో పెట్టారు. చాలామంది జీవితం ఇలాంటి చోటే దారి తప్పుతుంది. ఆయనకు 1881లో లాన్స్ సార్జెంట్, 1882 జనవరిలో సార్జెంట్ పదవి వచ్చాయి.

ఆ ఏళ్ళలో ఎక్కువ భాగం ఐర్లండ్‌లో గడిచింది. కౌలు రైతులకూ భూస్వాములకూ మధ్య గొడవ రగిలిపోతున్న కాలం. శిస్తు కట్టలేని కుటుంబాలను ఇళ్ళలోంచి గెంటడానికి అమీనాలు వెళ్తుంటే, వెనక తోడుగా ఈ రౌతులు. లోపలినుంచి గిన్నెలు, పెనాలు, కెటిల్స్ వచ్చి మీద పడేవి. బల్లెం పట్టుకుని శత్రువు మీదికి దూకాలని కలలు కన్న కుర్రాడికి మొదట ఎదురైన యుద్ధం ఇదీ. పేదింటి బిడ్డ, తనకంటే పేదవాళ్ళ వాకిట్లో గుర్రం మీద నిలబడ్డాడు. సామ్రాజ్యం సిపాయిలతో చేయించే పనుల్లో ఇది మామూలు పనే.

1883లో, ఐర్లండ్‌లో ఉండగానే, సైన్యం పెట్టే మొదటి తరగతి విద్యా పరీక్ష పాసయ్యాడు. 1885 మార్చిలో ట్రూప్‌కు, అంటే రెజిమెంట్‌లోని ఒక చిన్న దళానికి, సార్జెంట్ మేజర్ అయ్యాడు. తనకంటే ముందు ఆ స్థానంలో ఉన్నవాడు మెడిసిన్ చదువు మధ్యలో వదిలి వచ్చినవాడు. లెక్కలు తారుమారు చేసి పదవి పోగొట్టుకున్నాడు, తర్వాత ఆత్మహత్య చేసుకున్నాడు. 25 ఏళ్ళకే ఒక ట్రూప్‌లోని మనుషులు, గుర్రాలు, జీతాలు, దాణా లెక్క అంతా రాబర్ట్‌సన్ చేతికొచ్చింది. మామూలుగా అయితే కథ ఇక్కడ ఆగిపోవాలి. సిపాయిగా చేరినవాడికి ఇదే దాదాపు చివరి మెట్టు. ఇంకొంచెం పైకి పోతే ముసలితనంలో సామాన్ల లెక్క చూసే క్వార్టర్‌మాస్టర్ అయ్యి రిటైర్ అవుతారు. యుద్ధంలో మనుషుల్ని నడిపే అధికారిగా సిపాయిల్లోంచి తీసుకునేది ఏటా నలుగురైదుగురిని మాత్రమే.

పై అధికారులు అధికారి పదవికి పరీక్ష రాయమన్నారు, సొంతూరి పాస్టరు కూడా ధైర్యం చెప్పాడు. కానీ పదవులు కొనే పద్ధతి 1871లో రద్దయిపోయినా, ఆ గోడ ఇంకో రూపంలో అలాగే నిలబడి ఉంది. గుర్రపు దళంలో చిన్న అధికారి జీతం ఏడాదికి 120 పౌండ్లు. ఇంగ్లండ్‌లో ఆ హోదాకు తగ్గట్టు బతకాలంటే దాని మీద సొంతానివి ఇంకో 300 పౌండ్లు కావాలని రాబర్ట్‌సనే రాశాడు. మెస్‌లో వైన్, సిగార్లు, వేట గుర్రాలు, యూనిఫాంలు. వద్దంటే కుదరదు, అవన్నీ మర్యాద. సిపాయి జీతంలో చెప్పాలంటే, ఆ 300 పౌండ్లు 14 ఏళ్ళ కష్టార్జితం. ఏడాదికేడాదీ! పరీక్ష పాసవడం ఆయన చేతిలో పని, తాతల ఆస్తి పుట్టించడం ఎవరి చేతిలోనూ లేదు.

దారి ఇండియా రూపంలో దొరికింది. 1888 జూన్ 27న ఆయనను సెకండ్ లెఫ్టినెంట్‌గా వేసిన 3వ డ్రాగూన్ గార్డ్స్ అనే గుర్రపు రెజిమెంట్ అప్పుడు ఇండియాలో ఉంది. ఇక్కడ బ్రిటిష్ అధికారికి జీతం ఎక్కువ, ఖర్చు తక్కువ. అయినా జాగ్రత్తగానే ఉన్నాడు. అధికారి యూనిఫాంలను తండ్రే స్వయంగా కుట్టాడు. మెస్‌లో అందరూ వైన్ తాగుతుంటే ఈయన మంచినీళ్ళు తాగేవాడు. పైపు అక్కడ నిషేధం, సిగార్ కొనే స్తోమత లేదు, అందుకని పొగే మానేశాడు. రాత్రికి రాత్రి సార్జెంట్ మేజర్ గదిలోంచి అధికారుల భోజనాల బల్ల దగ్గరికి వచ్చి, పల్లెటూరి యాస మార్చుకోకుండా, నీళ్ళ గ్లాసు ముందు కూర్చోవడానికి యుద్ధంలో కావలసిన దానికంటే ఎక్కువ గుండె కావాలని నేననుకుంటాను. ఆ యాసను ఆయన చచ్చేదాకా మార్చుకోలేదు.

ఇక భాషలు. దేశభాషల్లో పరీక్ష పాసైన అధికారికి సర్కారు నగదు బహుమతి ఇచ్చేది. వేసవి మధ్యాహ్నాలు మిగతా అధికారులు పంకాల కింద నిద్రపోతుంటే రాబర్ట్‌సన్ మున్షీలను కూర్చోబెట్టుకుని చదివేవాడు. ఉర్దూ, హిందీ, ఫార్సీ, పష్తో, పంజాబీ ఐదింటిలో దుబాసీగా అర్హత సంపాదించాడు. తర్వాత గూర్ఖాలీ (నేపాలీ) కూడా చేరి ఆరయ్యాయి. పుట్టుకతో రాని ఆదాయాన్ని పరీక్షకో మొత్తం చొప్పున కూడబెట్టాడన్నమాట.

పోలిక కోసం ఇంకో అధికారిని తీసుకుందాం. 1896లో 4వ హుస్సార్స్ అనే గుర్రపు రెజిమెంట్‌తో బెంగళూరులో దిగిన విన్‌స్టన్ చర్చిల్. ఆ ఏడాది నవంబర్‌లో వాళ్ళ పోలో జట్టు మన హైదరాబాద్ వచ్చి, ఇక్కడే ఉన్న 19వ హుస్సార్స్‌తో సహా అందర్నీ ఓడించి గోల్కొండ కప్ పట్టుకెళ్ళింది. చర్చిల్‌కు తల్లి ఏటా 500 పౌండ్లు పంపేది. అదీ చాలక వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పులు. రిసాలా అంటే గుర్రపు దళం; సికింద్రాబాద్‌లో రిసాలా బజార్ మీదుగా వెళ్ళేవాళ్ళకు ఆ పాత గుర్రపు దళాల ఆనవాళ్ళు ఇంకా ఊరి పేర్లలో వినిపిస్తాయి. ఆ దళాల అధికారుల్లో ఎక్కువమంది చర్చిల్ మాదిరి వాళ్ళు, రాబర్ట్‌సన్ మాదిరి వాళ్ళు వేళ్ళ మీద లెక్కించదగ్గవాళ్ళు.

1891లో లెఫ్టినెంట్ అయ్యాడు. వాయవ్య సరిహద్దులో కొహాట్ వైపు వెళ్ళిన దండయాత్రకు రైళ్ళలో మనుషుల్ని, సామాన్ని పంపే పని చూశాడు. 1892 జూన్‌లో సిమ్లాలో గూఢచారి శాఖకు పిలిచారు. అక్కడ ఏడాదిపాటు కూర్చుని అఫ్గానిస్తాన్ మీద పెద్ద సైనిక నివేదిక తయారుచేశాడు. ఐదేళ్ళ తర్వాత, 1893లో, మొదటిసారి పొడుగు సెలవు దొరికింది. ఇంటికి బయల్దేరాడు. ఆయన చేరేలోపే తల్లి పోయింది.

1894లో ఇండియన్ ఆర్మీ అధికారి కూతురు మిల్‌డ్రెడ్ పాలిన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడాది గిల్గిట్ మీదుగా, 15,000 అడుగులకు పైన ఉన్న దార్కోట్ కనుమ దాటి పామీర్ పీఠభూమి దాకా మూడు నెలల ప్రయాణం చేశాడు. 1895లో అదే సరిహద్దు కొండల్లో చిత్రాల్ దండయాత్ర. మలకంద్ కనుమ, స్వాత్ నది, దిర్ దాటాక, ఇరుకైన కొండదారిలో ముందు నడుస్తూ దారి చూస్తున్నాడు. రక్త విరేచనాలతో ఒంట్లో శక్తి లేదు, గుర్రం దిగాడు, కత్తి బరువనిపించి దారి చూపించేవాడి చేతికిచ్చాడు. ఇద్దరు గైడ్లూ ఎదురు తిరిగారు. ఒకడు తుపాకీ పేల్చాడు, గురి తప్పింది. రెండోవాడు ఆయన కత్తితోనే ఆయన్ను నరికాడు. రాబర్ట్‌సన్ పిడికిలితో వాణ్ణి కింద పడేసి, రివాల్వర్ తీసి ఇద్దర్నీ తరిమాడు. వాళ్ళలో గాయపడినవాడు తర్వాత దొరికాడు, మరణశిక్ష వేశారు. రాబర్ట్‌సన్‌కు అధికారులకిచ్చే డీఎస్‌ఓ అనే పతకం వచ్చింది, లండన్ పత్రికలో బొమ్మ వేశారు. ఆయన ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ కొండలు ఆ గైడ్లవి, వచ్చింది పరాయి సేన. ఈ మాట కూడా చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు.

ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని క్యాంబర్లీ స్టాఫ్ కాలేజీ, సైన్యాన్ని నడిపే పై అధికారులకు తర్ఫీదిచ్చే చోటు. దాంట్లో సీటుకు అందరూ సెలవు పెట్టి కోచింగ్ తీసుకునేవాళ్ళు. ఈయనకు సెలవు పెట్టే వీలు లేదు. ఫెయిలైతే వయసు దాటిపోతుంది, ఇంకో అవకాశం లేదు. ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఊహించుకోండి. రోజూ తెల్లవారుజామున నాలుగు ఐదు గంటల మధ్య లేచి, భార్య సాయంతో లెక్కలు, జర్మన్, ఫ్రెంచ్ చదివాడు. సీటు కొద్దిలో తప్పింది. ఇండియాలో కమాండర్ ఇన్ చీఫ్ జార్జ్ వైట్ సిఫార్సు మీద నామినేషన్ ఇచ్చారు. 1897లో భార్యనూ పసివాణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. సిపాయిగా మొదలైనవాడు ఆ కాలేజీ మెట్లెక్కడం అదే మొదలు. 1898 డిసెంబర్‌లో రెండో స్థానంలో బయటికొచ్చాడు.

1900 జనవరిలో బోయర్ యుద్ధం జరుగుతున్న దక్షిణాఫ్రికాకు, అక్కడి బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ రాబర్ట్స్ ప్రధాన కార్యాలయానికి పంపారు. ఫిబ్రవరి 15న కింబర్లీ ముట్టడి విడిపించడానికి క్లిప్ డ్రిఫ్ట్ దగ్గర గుర్రాలు దుమ్ము రేపుకుంటూ దూసుకెళ్ళాయి. ముందు వరసలో 9వ, 16వ లాన్సర్స్. తను 17 ఏళ్ళ వయసులో చేరిన రెజిమెంటే! తను మాత్రం ఇప్పుడు మ్యాపుల దగ్గర. ఆ యుద్ధంలో బ్రిటిష్ వైపు 3 లక్షలకు పైగా గుర్రాలు చచ్చిపోయాయి. దాడుల్లో కాదు, ఎక్కువగా ఆకలితో, అలసటతో. పొద్దున లాయంలో మొదలై రాత్రి లాయంలో ముగిసే రోజులు పదేళ్ళు గడిపినవాడికి ఆ అంకె వెనకాల ఏముందో తెలిసే ఉంటుంది. ఆ ఏడాదే మేజర్, నవంబర్‌లో బ్రెవెట్ (గౌరవ హోదా) లెఫ్టినెంట్ కల్నల్. 19వ శతాబ్దం అక్కడికి అయిపోయింది.

ఆ తర్వాతది చకచకా చెప్పేస్తాను. 1910లో తను చదివిన స్టాఫ్ కాలేజీకే కమాండెంట్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 డిసెంబర్ నుంచి 1918 ఫిబ్రవరి దాకా బ్రిటిష్ సైన్యానికి అత్యున్నత స్థానంలో. ఫ్రాన్స్‌లోనే పోరాటం తేలాలన్న పట్టుదల ఆయనది. సోమ్, పాషెన్‌డేల్ యుద్ధాల్లో లక్షల మంది కూలిపోయారు. ఆ బాధ్యతలో ఆయన వాటా ఉంది. ప్రధాని లాయడ్ జార్జ్‌తో పడక పదవి వదిలాడు. 1933లో పోయాడు.

ఇప్పుడు ఖర్చు సంగతి. ఇండియాలో ఉన్న బ్రిటిష్ రెజిమెంట్ల జీతభత్యాలు ఇండియా ఆదాయంలోంచే పోయేవి. వాళ్ళను ఇంగ్లండ్‌లో చేర్చుకుని తర్ఫీదు ఇచ్చిన ఖర్చులో వాటా కూడా మన లెక్కలోనే రాసేవాళ్ళు. చిత్రాల్ దండయాత్ర బిల్లు ఇక్కడికే వచ్చింది. దాదాభాయ్ నౌరోజీ ఈ లెక్క మీద ఏళ్ళ తరబడి పోరాడాడు, ఇండియా ఖర్చుల మీద 1895లో వేసిన వెల్బీ విచారణ కమిషన్‌లో సభ్యుడిగా కూర్చుని కూడా అడిగాడు. రాబర్ట్‌సన్ షిల్లింగు పుచ్చుకున్న 1877లో మన కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు ధాత కరువు నుంచి ఇంకా తేరుకోలేదు. ఆ జిల్లాల రైతు కట్టిన శిస్తు కూడా ఆ ఖజానాలోదే. ఆ పరీక్షల నగదు బహుమతులు, ఆ ఎక్కువ జీతం, సిమ్లా ఉద్యోగం అన్నీ అందులోవే. ఇంగ్లండ్ తన పేదబిడ్డకు మూసిన తలుపు ఇండియా డబ్బుతో తెరుచుకుంది. మధ్యాహ్నపు ఎండలో ఆయనకు ఐదు భాషలు నేర్పిన మున్షీల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇంకొక్క మాట. అదే ఇండియాలో, అదే ఏళ్ళలో, మన సవార్లు కూడా గుర్రాలెక్కి అవే కొండల్లో పోరాడారు. వాళ్ళలో ఎంత మొనగాడైనా రిసాల్దార్ మేజర్ అనే హోదా దగ్గర ఆగిపోవాలి. 30 ఏళ్ళ సర్వీసున్న రిసాల్దార్ మేజర్ కూడా నిన్న ఓడ దిగిన బ్రిటిష్ సెకండ్ లెఫ్టినెంట్ కిందే. వాళ్ళకు రాయడానికి ఏ పరీక్షా లేదు, నీళ్ళ గ్లాసుతో కూర్చోవడానికి ఆ మెస్‌లో కుర్చీ లేదు. రాజు పేరు మీద ఇచ్చే కమిషన్, అంటే పూర్తి అధికారి హోదా, సైన్యంలోని భారతీయులకు ఇవ్వాలని తీర్మానించింది 1917లో. అప్పుడు లండన్‌లో బ్రిటిష్ సైన్యానికి అధిపతిగా ఉన్నది రాబర్ట్‌సనే.

ప్రశ్నలుంటే అడగండి, చెప్తాను.